మ్యాప్‌లో గీతను నమ్మి అడుగెయ్యకండి

ఫోన్‌లో మ్యాప్ ఉంటే వేటకు ప్రభుత్వ భూమి ఇట్టే దొరుకుతుందని కొందరు అంటారు. నిజమే, కానీ అమెరికాలోని వయోమింగ్ రాష్ట్రంలో చిక్కంతా ఆ మ్యాప్‌లోని సరిహద్దు గీత దగ్గరే. 1862 రైల్వే చట్టం నుంచి అక్కడ ప్రభుత్వ, ప్రైవేటు భూములు చదరంగం గళ్లలా పడ్డాయి, అంటే రెండు ప్రభుత్వ గళ్లు మూల దగ్గర మాత్రమే కలుస్తాయి. ఒక్కో గడి సుమారు 640 ఎకరాలు! 2021లో నలుగురు మిస్సోరీ వేటగాళ్లు ఎల్క్ మౌంటెన్ దగ్గర ఆన్‌ఎక్స్ అనే మ్యాప్ యాప్‌తో ఆ మూల వెతుక్కుని, నిచ్చెన వేసుకుని ప్రభుత్వ గడి నుంచి ప్రభుత్వ గడిలోకే దాటారు. ప్రైవేటు నేల తొక్కనే లేదు. అయినా కేసు పడింది. 2025 మార్చిలో పదో సర్క్యూట్ అప్పీళ్ల కోర్టు (వయోమింగ్ కేసులు చూసే ఫెడరల్ కోర్టు) వాళ్ల పక్షాన తీర్పిచ్చింది, నాకు చాలా సంతోషం వేసింది. పక్క రాష్ట్రం మోంటానా మాత్రం ఆ కోర్టు పరిధిలో లేదు, కాబట్టి ఈ తీర్పును అక్కడ నమ్ముకోకండి. ఫోన్ జీపీఎస్ ఆరుబయట కూడా అయిదు మీటర్లు అటూఇటూ చూపిస్తుంది. సర్వేవాళ్లు పాతిన గుర్తు కళ్లారా చూశాకే దాటండి. కొండల్లో సిగ్నల్ అందదు, మ్యాప్ ఇంట్లోనే డౌన్‌లోడ్ చేసుకోండి.