ఒడ్డుకు చేరిన పక్షికి ముందు వెచ్చదనం

ఎగరలేక ఇసుకలో ముడుచుకుని కూర్చున్న సముద్రపక్షిని చూడగానే నోటికి చేప అందించాలనో, తిరిగి అలల్లోకి వదలాలనో అనిపించడం మనసున్నవారికి సహజం. ఆ రెండు పనులూ దాని ప్రాణం మీదికి తెస్తాయన్న సంగతి మాత్రం తీరాల్లో తగినంతగా ప్రచారం కాలేదు. తిండి లేక కండ కరిగి, రొమ్ము ఎముక చేతికి తగిలేంతగా చిక్కిన పక్షి ఒంట్లో వేడి నిలవదు. చల్లబడిన దేహం ఆహారాన్ని అరిగించుకోలేదు. బలవంతంగా పోసిన నీరు ఊపిరితిత్తుల్లోకి పోవచ్చు. అందుకే సంరక్షణ కేంద్రాల్లో ముందు వెచ్చదనం కల్పించి, పిదప ద్రవాలు ఇచ్చి, ఆ తర్వాతే చేపల దాకా వెళతారు. చమురు అంటిన ఈకలు నీటిని ఆపలేవు గనుక అలాంటి పక్షిని సముద్రంలోకి నెట్టడం దాన్ని చలికి బలిచేయడమే.

చూసినవారు కుక్కలనూ జనాన్నీ దూరంగా ఉంచి, సంరక్షణ కేంద్రానికి కబురు చేయాలి. తీసుకురమ్మని వారు చెబితేనే చేతి తొడుగులు వేసుకుని, తువ్వాలు కప్పి, గాలి ఆడే అట్టపెట్టెలో, చీకటిగా, నిశ్శబ్దంగా ఉంచాలి. ముక్కును కట్టేయరాదు, గానెట్ వంటి సముద్రపక్షులకు బయటికి తెరుచుకునే నాసికారంధ్రాలే ఉండవు, నోటితోనే ఊపిరి తీస్తాయి. అనేక పక్షులు ఒకేచోట జబ్బుపడి కనిపిస్తే బర్డ్ ఫ్లూ కావచ్చు కనుక తాకకుండా సమాచారం ఇవ్వడమే సరైన సాయం.

కబురు అందుకునే వ్యవస్థ లేనిచోట ఈ జాగ్రత్తలన్నీ వృథా. 2000 జూన్‌లో దక్షిణాఫ్రికా తీరంలో ట్రెజర్ నౌక మునిగినప్పుడు చమురులో తడిసిన సుమారు 19,000 పెంగ్విన్లలో అత్యధిక భాగం బతికి బయటపడ్డాయంటే, వేలాది స్వచ్ఛంద కార్యకర్తల శ్రమతోపాటు 1968 నుంచీ అదే పనిలో ఉన్న శాంకాబ్ సంస్థ అనుభవమూ కారణం. ఆపద వచ్చాక మొదలుపెట్టిన ఏర్పాటుకు అది సాధ్యమయ్యేది కాదు.

ఆకలి సముద్రంలోనే పుట్టినప్పుడు కేంద్రాలూ చాలవు. 2015-16లో ఈశాన్య పసిఫిక్ అసాధారణంగా వేడెక్కి, తినే చిరుచేపలు కరవై, కాలిఫోర్నియా నుంచి అలాస్కా దాకా మర్ అనే సముద్రపక్షులు సుమారు 62,000 చచ్చో, చావుకు దగ్గరయ్యో ఒడ్డుకు చేరాయి. ఒడ్డుకు చేరనివాటినీ కలిపితే అలాస్కాలోనే దాదాపు 40 లక్షలు నశించాయని 2024లో వెలువడిన అధ్యయనం అంచనా వేసింది. ఒడ్డున మృతపక్షులను క్రమం తప్పక లెక్కించే సాధారణ పౌరుల వల్ల కూడా ఆ విపత్తు సంగతి వెంటనే లోకానికి తెలిసింది. తీరప్రాంత ప్రభుత్వాలు సంరక్షణ కేంద్రాలకు ఏటా నిధులు కేటాయించాలి, బీచ్‌లలో వాటి ఫోన్ నంబర్లు పెద్ద అక్షరాలతో ప్రదర్శించాలి, చిరుచేపల వేటకు పరిమితి విధించేటప్పుడు పక్షుల వాటాను కూడా లెక్కలోకి తీసుకోవాలి.