గంగాళంలో పులుసు చేయి

ఇది శనివారం రాత్రి జరిగింది. ఈ రోజు మంగళవారం. ఈ మధ్యలో నన్ను పలకరించిన ప్రతివాడూ ముందు నా కుడిచేతి వైపు చూసి, ఆ తరువాతే ముఖం వైపు చూస్తున్నాడు.

హైదరాబాదు కోకాపేటలో కొత్తగా తెరిచిన ఒక ఖరీదైన రెస్టారెంటుకు ఇంజినీరింగులో కలిసి చదివిన నలుగురం వెళ్లాం. టేబుల్ ఎవరు మాట్లాడారు, కారు తాళాలు పుచ్చుకున్న కుర్రవాడు కారును ఎటు తీసుకుపోయాడు అన్నవి ఇక్కడ అనవసరం. మెనూ కార్డు లేదు. బల్లకు అంటించిన క్యూఆర్ కోడ్‌ను ఫోనుకు చూపించి చదువుకోవాలట. నా కళ్లద్దాలు ఆ కారుతో పాటే వెళ్లిపోయాయి గనుక, ఇంజినీరింగు వదిలేసి ఆడిటరుగా స్థిరపడిన మా మిత్రుడే నా తరఫున రాగి సంగటి, నాటుకోడి పులుసు చెప్పాడు. తక్కిన ముగ్గురూ చెంచాకు లొంగే పదార్థాలు తెప్పించుకున్నారు.

సంగటి చెంచాకు లొంగదు. ముద్ద తుంచి, బొటనవేలితో గుంట చేసి, ఆ గుంటలో పులుసు పట్టించి, నమలకుండా మింగాలి. ఇక్కడ మాత్రం నిమ్మకాయంత సంగటి ఉండలు మూడింటిని అంచు లేని నల్లరాతి పలక మీద పేర్చి తెచ్చారు. చిన్నప్పుడు మేము ఓనమాలు దిద్దిన పలకకైనా చుట్టూ చెక్క చట్రం ఉండేది, దీనికి అదీ లేదు. తెచ్చిన కుర్రవాడు చిన్న గాజు కూజాతో ఆ ఉండల మీద పులుసును ఎంతో సుకుమారంగా అభిషేకించి వెళ్లిపోయాడు. పులుసు తన ధర్మం ప్రకారం పల్లానికి పారింది. పల్లంలో నా చేయి ఉంది. దాన్ని వేళ్లతో, అరచేతితో, చివరకు మణికట్టుతో అడ్డుకుని, బల్ల మీద పరిచిన తెల్లని గుడ్డను కాపాడాను. ఈ త్యాగాన్ని తరువాత ఎవరూ లెక్కలోకి తీసుకోలేదు.

తినడం ముగిశాక ఫింగర్ బౌల్ అడిగాను. "టూ మినిట్స్ సర్" అన్నాడు. పది నిమిషాలు గడిచాయి. తిన్న చేయి ఎండితే అప్పులపాలవుతారని మా నాయనమ్మ అంటుండేది. మరొకరిని అడిగితే ఆయనా అదే రెండు నిమిషాలు చెప్పాడు. ఈలోగా చేయి ఎండి, వేళ్లు ఒకదానికొకటి అతుక్కుని, ఆశీర్వదించడానికి సిద్ధంగా ఉన్న స్వామీజీ హస్తంలా తయారైంది. ఇక లేచాను.

వాష్ బేసిన్ కోసం నాలుగు వైపులా చూశాను. మన మెస్సుల్లో చేయి కడుక్కునే చోటు వెతుక్కోనక్కర లేదు. హాలులోనే ఒక మూల, అద్దం కింద, అరిగిపోయిన సబ్బుతో సహా అందరికీ కనబడుతూ ఉంటుంది. ఇది కోకాపేట కదా, 2023 ఆగస్టు వేలంలో ఇక్కడి నియోపోలిస్ లేఅవుటులో ఒక ప్లాటు ఎకరం 100 కోట్లు దాటింది, అంటే గజం రెండు లక్షలకు పైమాటే. ఆ లెక్కన అర గజం ఆక్రమించే వాష్ బేసిన్ మీద లక్ష రూపాయల నేల వృథా అవుతుందని యజమాని భావించి ఉండవచ్చు. అలా భావించినవాడు మనుషుల చేత సంగటి తినిపించకూడదు.

నల్లకోటు వేసుకున్న ఒకాయన అరచేయి చాచి, చీకటిగా ఉన్న ఒక నడవ వైపు చూపించాడు. ఎంగిలిచేత్తో నలుగురిలో నడవడం ఒక విద్య. మోచేయి వంచి, వేళ్లు దగ్గరకు చేర్చి, చేతిని భుజం ఎత్తున నిలిపి, ఎడమచేతిని దాని కింద గొడుగు తిరగేసినట్టు పట్టుకుని, ఎదురుపడిన వాళ్లందరికీ తలవంచుతూ సాగాలి. పెళ్లి పంక్తుల్లో మనందరం ఈ విద్యలో ఆరితేరిన వాళ్లమే, కానీ అక్కడ తక్కిన వాళ్ల చేతులూ మన చేతిలాగే ఉంటాయి. ఇక్కడ నాలుగు వందల దీపాల మసక వెలుతురులో ఎంగిలిచేయి నాది ఒక్కటే. రెండు మలుపులు తిరిగి, చేతిపిడి లేని ఒక గోడను తలుపనుకుని మోచేత్తో తోసి, అది నిజంగానే గోడ అని తెలుసుకుని, చివరకు ఎక్కడ తేలానంటే, మేము లోపలికి వచ్చిన సింహద్వారం దగ్గరే.

అక్కడ ఉంది గంగాళం.

మా నాయనమ్మ గారింట్లో సరిగ్గా ఇటువంటిదే ఉండేది. నడుమెత్తు ఇత్తడి పాత్ర, రెండు వైపులా కడియాలు, పక్కన చెంబు. బయటి నుంచి వచ్చినవాడు కాళ్లు కడుక్కోకుండా, తిన్నవాడు చేయి కడుక్కోకుండా ఆ గంగాళాన్ని దాటిన సందర్భం ఆ ఇంటి చరిత్రలో లేదు. ఇక్కడి దానిలో నీళ్ల మీద చామంతి రేకులు, నాలుగైదు తేలే దీపాలు ఉన్నాయి. ఖరీదైన చోటు గనుక నీళ్లను అలంకరించారని అనుకున్నాను. సంప్రదాయం ఎరిగిన మనుషులని మనసులో మెచ్చుకున్నాను కూడా.

ఎంగిలిచేయి నీళ్లలో నేరుగా పెట్టకూడదన్న జ్ఞానం నాకుంది. అందుకే ముందు ఎడమచేత్తో చెంబు అందుకోబోయాను. చెంబు రాలేదు. గట్టిగా లాగాను. చెంబుతో పాటు అది నిలిచిన చెక్కపీట లేచింది. చెంబును పీటకు జిగురుతో అంటించారు! నీళ్లు ముంచలేని చెంబును చేసిన నాగరికత ప్రపంచంలో మరెక్కడైనా ఉందేమో నాకు తెలియదు. పీటను యథాస్థానంలో దించి, నాయనమ్మను మనసులో క్షమాపణ కోరి, చేతిని మణికట్టు దాకా గంగాళంలో ముంచాను.

నాటుకోడి పులుసులో నూనె ఎంత ఉంటుందో అది నీళ్ల మీద పరుచుకున్నప్పుడే అర్థమవుతుంది. ఎర్రని వలయం ఒకటి బయలుదేరి, చామంతి రేకులను పక్కకు నెట్టి, మొదటి దీపాన్ని చేరింది. నేను చేతిని ఆడించిన కొద్దీ అలలు లేచి రెండు దీపాలు ఆరిపోయాయి. ఒక కరివేపాకు రెబ్బ నా వేళ్ల మధ్య నుంచి విడివడి, దీపాల నడుమ నెమ్మదిగా ప్రదక్షిణం చేయసాగింది. అప్పుడు వెనుక నుంచి వినిపించింది.

"అంకుల్, కొంచెం పక్కకు జరుగుతారా? మేము వీడియో తీసుకుంటున్నాం."

గంగాళానికి అవతల పట్టుచీరలో ఒక అమ్మాయి నిలబడి, తల వంచి దీపాల వైపు చూస్తూ ఉంది. ఆమె చూపు కరివేపాకు రెబ్బ వెంట తిరిగి, నా చేతి దగ్గర ఆగింది. ఆ ముఖంలో మారిన భావాలను ఇక్కడ వర్ణించను. వీడియోలో అన్నీ స్పష్టంగా వచ్చాయని మా మిత్రులు చెబుతున్నారు.

మేనేజరు వచ్చాడు. కోపపడి ఉంటే నేనూ కోపపడేవాడిని. ఆయన చిరునవ్వు నవ్వాడు.

"సర్, దిసీజ్ యాన్ ఆర్ట్ ఇన్‌స్టలేషన్."

"ఇది గంగాళమండీ" అన్నాను.

"కాదు సర్, ఇన్‌స్టలేషన్."

"మా ఇంట్లో ఉండేది. గంగాళమే."

"ఓకే సర్. బట్ ఇక్కడ ఇన్‌స్టలేషన్."

తడిచేయి తుడుచుకోవడానికి జేబురుమాలు తీయాలంటే కుడిజేబులో ఉంది. అలాగే చుక్కలు రాలుస్తూ బల్ల దగ్గరకు తిరిగి వచ్చేసరికి బిల్లు వచ్చి ఉంది. తిన్నది 9,200, సేవా రుసుము పది శాతం 920, రెండింటి మీద ఐదు శాతం జీఎస్టీ 506, వెరసి 10,626. మా ఆడిటరు ఈ ఘట్టం కోసమే వచ్చినవాడు. సేవా రుసుమును హోటలు వాళ్లు తమంతట తాము బిల్లులో వేయరాదని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2022 జులైలో మార్గదర్శకాలు ఇచ్చిందని, 2025 మార్చిలో ఢిల్లీ హైకోర్టు వాటిని సమర్థించిందని, ఫోనులో తీర్పు తెరిచి మరీ గొంతు సవరించుకున్నాడు. సరిగ్గా అప్పుడు ఇద్దరు కుర్రవాళ్లు గంగాళాన్ని చెరొక కడియం పట్టుకుని, పులుసు తొణకకుండా, మా బల్ల పక్కగా మోసుకుపోయారు. వెనుక అదే చిరునవ్వుతో మేనేజరు.

ఆడిటరు తీర్పును మూసేశాడు.

"ఒరేయ్, నీ చేయి వల్ల మా నోరు పడిపోయిందిరా" అన్నాడు, కార్డు తీస్తూ.

బయట కారు కోసం నిలబడ్డాం. కారు వచ్చింది, ఎక్కాం, తలుపులు వేసుకున్నాం. అంతలో లోపలి నుంచి ఒక కుర్రవాడు పరుగున వచ్చి అద్దం మీద తట్టాడు. అతని చేతిలో పింగాణీ గిన్నె, గిన్నెలో గోరువెచ్చని నీళ్లు, నీళ్లలో నిమ్మచెక్క.

"సర్, మీ ఫింగర్ బౌల్."