హోరస్‌కు పన్నెండుమంది శిష్యులు ఎక్కడి నుంచి వచ్చారు?

ప్రతి క్రిస్మస్‌కూ ఒక పట్టిక ఫోన్లలోకి వచ్చి పడుతుంది. కృష్ణుడు, ఈజిప్టు దేవుడు హోరస్, రోమన్లు కొలిచిన దేవుడు మిత్ర ముగ్గురూ డిసెంబరు 25న కన్యకు పుట్టారట, పన్నెండుమంది శిష్యులతో తిరిగారట, సిలువపై చనిపోయి మూడో రోజు లేచారట. యేసు కథ వీటికి నకలట. నేను చర్చి తరఫు వకీలును కాను. కానీ ఈ పట్టికలో గడులన్నీ ఎవరో కూర్చుని నింపినవే.

కృష్ణుడితోనే మొదలుపెడదాం, దీనికి ఈజిప్టు దాకా పోనక్కర్లేదు. దేవకి కన్య అట! ఆమెకు కృష్ణుడు అష్టమ గర్భం. పుట్టింది శ్రావణ బహుళ అష్టమినాడు. జర అనే బోయవాడి బాణం పాదానికి తగిలి అవతారం చాలించాడు. మరి సిలువ ఎక్కడిది? 1875లో కెర్సీ గ్రేవ్స్ అనే అమెరికన్, సిలువెక్కిన పదహారుమంది రక్షకులంటూ పుస్తకం అచ్చువేసి, కృష్ణుణ్ణీ అందులో కలిపేశాడు. మన ఇళ్లలో పిల్లలకు తెలిసిన కథకే ఈ గతి పట్టించినవాడిని మిగతా పదిహేనుమంది విషయంలో ఎలా నమ్మడం?

ఇక హోరస్. తండ్రి ఒసిరిస్‌ను తమ్ముడు సెత్ చంపాడు. గ్రీకు రచయిత ప్లూటార్క్ ప్రకారం శవాన్ని 14 ముక్కలు చేశాడు. ఒసిరిస్ భార్య ఐసిస్ అన్నీ ఏరుకుంది, జననాంగం మాత్రం చేపల పాలైంది. ఈజిప్టులోని అబైడోస్ గుడి గోడ మీది శిల్పంలో ఆమె గద్ద రూపంలో భర్త శవంపై వాలి గర్భం ధరిస్తుంది. అద్భుతమే, కానీ కన్యాగర్భం కాదు. శిష్యుల మాట అటుంచితే హోరస్‌కు కొడుకులు నలుగురు. మమ్మీల కాలేయం, ఊపిరితిత్తులు వగైరా దాచే జాడీల మూతలపై ఉండేవి వాళ్ల తలలే. హోరస్‌ను సిలువ వేసినట్టు ఎక్కడా లేదు. చిన్నప్పుడు తేలు కుడితే థోత్ అనే దేవుడు మంత్రం వేసి బతికించాడు.

రోమన్ మిత్ర రాతిలోంచి పుట్టాడు. రాయిని కన్య అనుకుంటే మన ఇష్టం. శిల్పాల్లో అతని చుట్టూ కనిపించే ఆ పన్నెండు, శిష్యులు కాదు, రాశులు. పైగా రోమ్‌లో ఈ ఆరాధన ఆధారాలు మొదటి శతాబ్ది చివర నుంచే దొరుకుతాయి. క్రీస్తును ప్రచారం చేసిన పౌలు ఉత్తరాలు అంతకుముందే, క్రీ.శ. 50ల నాటివి.

డిసెంబరు 25లో మాత్రం పావలా వంతు నిజం ఉంది. సువార్తల్లో ఏ తేదీ లేదు. క్రీ.శ. 354 నాటి రోమన్ పంచాంగంలో అజేయ సూర్యుడి పుట్టినరోజూ, క్రీస్తు పుట్టినరోజూ ఒకే తేదీన కనిపిస్తాయి. సూర్యుడి పండుగను క్రైస్తవులు తీసుకున్నారని కొందరంటారు. మరియ గర్భం దాల్చిందని నమ్మిన మార్చి 25 నుంచి తొమ్మిది నెలలు లెక్కకట్టారని ఇంకొందరంటారు. ఇది ఇంకా తేలని వాదన.

నిజంగా అరువు తెచ్చుకున్నది కనిపించేది బొమ్మల్లో. వాటికన్ కింద ఒక సమాధి గది పైకప్పు మీద, తల చుట్టూ కిరణాలతో రథమెక్కిన మూర్తి ఉంది. సూర్యదేవుడి వేషంలో ఉన్న క్రీస్తే అని చాలామంది పండితుల అభిప్రాయం. అదే గది గోడ మీద, యూదుల గ్రంథంలోని యోనా పెద్ద చేప నోట్లోకి జారుతున్నాడు.