పేరుకే వైన్స్

మా కూకట్‌పల్లి వీధి చివరి దుకాణంలో సరుకుకు లోటు లేదు. విస్కీ, రమ్ము, జిన్ను అరల నిండా మెరుస్తుంటాయి. బోర్డు మీద మాత్రం ‘వైన్స్’. ఆ వైను ఎక్కడని అడిగి చూడండి! పై అరలో దుమ్ము పట్టిన రెండు సీసాలు, అవీ ఎండ తగిలేచోట నిలువుగా. అది వైనా, వెనిగరా?

"ఏది బాగుంటుంది బాబూ?" అంటే "అన్నీ ఒకటే సార్, తొందరగా చెప్పండి!" ఈలోగా నా భుజం మీదుగా మూడు చేతులు, మూడు ఐదువందల నోట్లు. వరుస అనేది ఒకటుందని ఎవరికీ గుర్తులేదా? ఇక అక్టోబర్ 1 సాయంత్రమైతే చెప్పనే వద్దు, మర్నాడు గాంధీ జయంతికి మూత కదా.

మే నెలలో చల్లని బీరు అడిగితే "ఇప్పుడే పెట్టాం". ఉదయం 10 గంటలకు తెరిచిన కొట్టు, రాత్రి 9 అయినా ఇప్పుడేనా? ధర సీసా మీదే అచ్చువేసి ఉంది, మరి నా పది రూపాయలు ఏవి? చిల్లర లేదట, మసాలా పల్లీలు తీసుకోవాలట. ఇంట్లో ఇప్పటికే పదమూడు పొట్లాలు.