ఉచిత ఛాతీ తెరవండి!

ముందే చెప్పేస్తున్నాను, ఇది చాలా గంభీరమైన విషయం. ఫోనులో కోట కట్టుకుని, పక్కవాడి కోట మీద పడి, బంగారం దోచుకొచ్చే ఆట ఒకటి మూడేళ్ళుగా ఆడుతున్నాను. నా వయసు అడక్కండి. మొన్న అప్‌డేట్‌తో పాటు అందులో గ్లోబు బొమ్మ ఒకటి వచ్చింది. నొక్కితే భాషల జాబితా. పోర్చుగీసు రెండుసార్లు ఉంది, బ్రెజిల్ వాళ్ళకొకటి, పోర్చుగల్ వాళ్ళకొకటి. స్పానిష్ రెండు, చైనీస్ రెండు. డేనిష్, నార్వేజియన్, ఫిన్నిష్. అట్టడుగున హిందీ. దాని కింద ఒక సర్వే: మీ భాష కనబడలేదా, మాకు చెప్పండి! ఆశగా నొక్కాను. అందులో ఇంకో ఆరు భాషలు, చివర్న "ఇతరములు".

2011 జనాభా లెక్కల్లో తెలుగు మాతృభాషగా రాయించుకున్నవాళ్ళు 8 కోట్ల 11 లక్షల మంది. అందరం కలిసి ఆ గడిలో సర్దుకుని కూర్చోవాలన్నమాట. సంక్రాంతి ముందురోజు విజయవాడ బస్సెక్కిన జాతి మనది, సర్దుకోగలం.

ఆటల వ్యాపారంలో "ఎఫిగ్స్" అని ఒక మాట ఉంది. ఇంగ్లీషు, ఫ్రెంచి, ఇటాలియన్, జర్మన్, స్పానిష్, ఈ ఐదింటి మొదటి అక్షరాలు కలిపితే వచ్చింది. ఆట ఏదైనా ముందు వడ్డన సాధారణంగా ఈ బంతికే. అందులో ఇటాలియన్ పేరు చూసి కడుపు మండింది. తెలుగుని "ఇటాలియన్ ఆఫ్ ది ఈస్ట్" అన్నారని బళ్ళో చెప్పి, పరీక్షలో రాయించి, రెండు మార్కులు కూడా వేశారు మనకి. అసలు ఇటాలియన్, ఆరు కోట్లు కూడా లేని దేశం, మొదటి బంతిలో కూర్చుని భోంచేస్తోంది. తూర్పు ఇటాలియన్ చేతులు కడుక్కుని గుమ్మంలో నిలబడింది.

పోనీ ఆటల్లో మనం లేమా అంటే, ఉన్నాం. "యూరోపా యూనివర్సాలిస్ 4" అనే ఆట 1444 నవంబర్ 11న మొదలవుతుంది. అందులో విజయనగర సామ్రాజ్యాన్ని మీరు ఏలవచ్చు. అంటే ప్రౌఢదేవరాయల కాలం. శ్రీనాథుడికి కనకాభిషేకం జరిగిందని చెప్పుకుంటామే, ఆ కొలువు. ఆ సింహాసనం మీద కూర్చుని ఇంగ్లీషులో ఆజ్ఞలివ్వవచ్చు, ఫ్రెంచిలో, జర్మన్‌లో, స్పానిష్‌లో ఇవ్వవచ్చు. అంతే. "ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2" కొత్త రూపంలో హిందీ ఉంది, సంతోషం. అదే ఆటకి 2022లో వచ్చిన భారతదేశపు విస్తరణలో బెంగాలీలకి విడిగా చోటిచ్చారు, గుర్జరులకి విడిగా ఇచ్చారు. మన దక్షిణాదిని మాత్రం "ద్రావిడులు" అని ఒకే మూట కట్టారు. అది కూడా ఒకరకం "ఇతరములు" అనుకోండి.

ఆటని ఏ భాషలోకి మార్చాలో (వాళ్ళ మాటలో లోకలైజేషన్) తేల్చే మీటింగు ఎలా ఉంటుందో నాకు కాస్త తెలుసు. మా పిన్ని కొడుకు మాదాపూర్‌లో అలాంటి ఆఫీసులోనే పనిచేస్తాడు. కంపెనీ పేరు చెప్పను. వాడి ఉద్యోగం పోతే మా పిన్ని నన్ను బతకనివ్వదు.

ఏడుగురు కూర్చున్నారట. ఆరుగురు తెలుగువాళ్ళే. ఇద్దరిది గుంటూరు, ఒకాయనది కరీంనగర్, ఒకాయనది మహబూబ్‌నగర్, ఒకమ్మాయిది రాజమండ్రి, ఆరోవాడు మావాడు. ఏడో ఆయన పుణె నుంచి వీడియోలో. ఆయన ఒక్కడి కోసం అందరూ ఇంగ్లీషు. గోడ మీద ఎక్సెల్ షీటు. తెలుగు వరస రాగానే గుంటూరు పెద్దమనిషి గొంతు సవరించుకుని, తెలుగువాళ్ళు తెలుగు వాడరండీ, డేటా ఉంది అన్నాడు. ఏమిటా డేటా? రెండు రాష్ట్రాల్లోనూ ఆడేవాళ్ళు దాదాపు అందరూ ఇంగ్లీషే ఎంచుకున్నారట. జాబితాలో తెలుగు ఉంటే కదా స్వామీ ఎంచుకోవటానికి! హోటల్లో పెసరట్టు వెయ్యకుండా, మూడు నెలల బిల్లులు తిరగేసి, ఈ ఊళ్ళో పెసరట్టు ఎవరూ తినరని తేల్చినట్టుంది.

రాజమండ్రి అమ్మాయి తన వంతు సాక్ష్యం ఇచ్చింది. వాళ్ళమ్మగారి ఫోన్‌ని ఒకసారి తెలుగులోకి మారిస్తే సెట్టింగ్స్ పోయి "అమరికలు" వచ్చిందట, ఆవిడ వైరస్ అనుకుని భయపడిపోయారట. "అమరికలేందిర బై!" అని కరీంనగర్ ఆయన బల్ల చరిచాడు. అందరూ పడీపడీ నవ్వారు, నవ్వు మాత్రం అచ్చ తెలుగులోనే. పుణె ఆయనకి అర్థంకాక ఏమైందని అడిగాడు. "నథింగ్ సర్, నో డిమాండ్" అన్నాడు మహబూబ్‌నగర్. షీటులో అదే ఎక్కింది.

ఇంకో బ్రహ్మాస్త్రం కూడా వేశారట. ఎలాగూ వాళ్ళకి ఇంగ్లీషు వచ్చు కదా! ఇదే ధర్మం అయితే ముందు డేనిష్ తీసెయ్యాలి. డెన్మార్క్ వాళ్ళంత బాగా ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళు, ఇంగ్లీషు తమది కాని దేశాల్లో అరుదు. డెన్మార్క్, నార్వే, ఫిన్లాండ్ మూడింటినీ కలిపి లెక్కేసినా రెండు కోట్లు దాటరు. కానీ వాళ్ళ దగ్గర యూరోలూ క్రోనెలూ ఉన్నాయి. మన దగ్గర ప్రాచీన భాష హోదా ఉంది, 2008లో వచ్చింది, దాన్ని ఆ ఆటలో ఖర్చుపెట్టుకోటానికి వీల్లేదు.

మావాడు మొండివాడు. పోనీ ఒక పైలట్ చేద్దాం అన్నాడు. పైలట్ అంటే పైసా ఖర్చు లేకుండా చేసేది. ఆటలోని ఇంగ్లీషు మాటలన్నీ ఒక షీటులో పోసి మెషీన్‌కి అప్పజెప్పారు. ఏ మాట ఏ బొమ్మ కింద వస్తుందో దానికెవరూ చెప్పలేదు. సాయంత్రానికి తెలుగు దిగింది. మావాడు నాకు స్క్రీన్‌షాట్లు పంపాడు, చూసి చెప్పు అన్నయ్యా అని.

సైన్యాన్ని కదిలించే బటన్ మీద "మార్చి" అని ఉంది. నేను చూస్తున్నది ఆగస్టులో. సేనాధిపతి బొమ్మ కింద "సాధారణ". మంత్రాలు వేసే గదికి "అక్షరక్రమం". ఎదుటి జట్టు కోసం ఎదురుచూసేటప్పుడు "అగ్గిపుల్ల కోసం వెతుకుతోంది". బంగారు గని మీద "బంగారం నాది". ఈ ఒక్కటీ నాకు నచ్చింది, ఆట సారాంశమే అది. వీటన్నిటినీ తలదన్నింది రోజూ ఇచ్చే బహుమతి పెట్టె. ఇనప పట్టీలు, ఇత్తడి తాళం, మూత సందులోంచి వెలుగు. దాని కింద మెరిసిపోతున్న అక్షరాల్లో "ఉచిత ఛాతీ తెరవండి". నాలుగు గంటలకొకసారి నోటిఫికేషన్: "మీ ఛాతీ సిద్ధంగా ఉంది". స్టెంట్ వేయించుకున్న మా మావయ్య ఫోన్లో అర్ధరాత్రి ఇది మోగితే బాధ్యత ఎవరిది? ఇంకో తెరలో "పెద్ద ఛాతీకి వజ్రాలు చెల్లించండి". మరో దాంట్లో "మీ సభ్యుడు తన ఛాతీని మీతో పంచుకున్నాడు". దండులో, అంటే ఆటలో కలిసి ఆడే జట్టులో, ఉన్నది అందరూ మగపిల్లలే, వాళ్ళ ఇళ్ళల్లో ఏమనుకుంటారు?

ఇంగ్లీషులో పెట్టెనీ ఛాతీనీ కూడా "చెస్ట్" అనే అంటారు. మనకా ఇబ్బంది లేదు, భోషాణం అనే మాట ఉంది. బరువనిపిస్తే పెట్టె అను, పోయేదేముంది? కోట, బురుజు, అగడ్త, ముట్టడి, దండు, వేగు, కప్పం, సంధి, యుద్ధానికి మనకి మాటల కరువా? కోడిపందెంతో మొదలుపెట్టి కారంపూడి రణరంగం దాకా పోయిన పల్నాడు మనది. వెన్నుపోటుకైతే అర్థం కూడా రాయక్కర్లేదు.

అక్షరాల సంగతి వేరే కథ. ఆ స్క్రీన్‌షాట్లలో యుద్ధం ఎక్కడా యుద్ధంలా లేదు, "యుద్‌ధం" అని విరిగి పడుంది. సైన్యం "సైన్‌యం". వత్తులు బటన్ కింద కోసుకుపోయాయి. తెలుగు లిపి సాంకేతికంగా కష్టం అన్నయ్యా అన్నాడు మావాడు, వాళ్ళ ఇంజనీర్ చెప్పిన మాట. అరబ్బీ కోసం స్క్రీన్ మొత్తాన్ని కుడి నుంచి ఎడమకి తిప్పేసిన వీరులకి, మన వత్తు కింద నాలుగు పిక్సెళ్ళ చోటు కష్టమైపోయింది. యూనికోడ్‌లో తెలుగు 1991 నుంచీ ఉంది. ఆ ఇంజనీర్ అప్పటికి పుట్టి కూడా ఉండడు.

నెల తిరక్కుండా పైలట్ మూసేశారు. కారణం: తెలుగు వినియోగదారులు తెలుగుని తిరస్కరించారు.

సరే, ఇదంతా నవ్వుకోటానికి బాగానే ఉంది. మా వీధి చివర బైక్ మెకానిక్ షెడ్డులో ఒక కుర్రాడున్నాడు. తెలుగు మీడియంలో టెన్త్. మా దండులో వాడంత దిట్ట లేడు. ఇంగ్లీషు ఎలా చదువుతున్నావురా అంటే, "పచ్చది నొక్కితే అవును, ఎర్రది నొక్కితే కాదు, అంతే కదన్నా" అన్నాడు. దసరాకి వాడి ఫోన్లో ఆ ఆటదే ఒక ప్రకటన వచ్చింది. జమ్మిచెట్టు బొమ్మ, కత్తి, "దసరా దండయాత్ర, 199కే విజయయాత్ర!" ముచ్చటైన తెలుగు, ప్రాసతో సహా. బటన్ పచ్చది. నొక్కాడు. దాని కింద బూడిద రంగులో, చీమంత ఇంగ్లీషు అక్షరాల్లో, ప్రతి వారం దానంతటదే కట్ అవుతుందని ఉంది. కట్ అయ్యే ముందురోజు మెసేజ్ రావాలని రూలుంది. వచ్చింది, ఇంగ్లీషులో. ఏడు వారాలు పోయాక చేతులకి గ్రీజుతోనే మా ఇంటికి వచ్చి ఫోన్ చూపించాడు. పద్నాలుగు వందలకి ఏడు రూపాయలు తక్కువ.

ఆ ప్రకటనలో ఒక్క వత్తు విరగలేదు. మళ్ళీ చూసుకోండి, "దండయాత్ర"లో ర-వత్తు నిక్షేపంలా ఉంది. మెషీన్ రాసింది కాదు, మనిషి చేత, డబ్బిచ్చి, రాయించారు. అంటే తెలుగు వచ్చు! లిపి కష్టం కాదు, డిమాండ్ లేకపోవటం కాదు, డేటా కాదు, దరిద్రం కాదు! జేబులో చెయ్యి పెట్టేటప్పుడు వచ్చే తెలుగు, ఏం తీశామో చెప్పేటప్పుడు రాదు. దొంగ కూడా ఇంటివాళ్ళ భాషలోనే మాట్లాడతాడు, కాకపోతే వాడు దాన్ని లోకలైజేషన్ అనడు. ఆ పిల్లాడు పది బళ్ళకి ఆయిల్ మార్చిన డబ్బులవి.

మావాడికి ఫోన్ చేసి తిట్టాను. పాపం వాడేం చేస్తాడు, విన్నాడు. వారం తర్వాత వాడే ఫోన్ చేశాడు.

"అన్నయ్యా, సంక్రాంతి ఆఫర్‌కి ప్రాస కుదిరేలా ఒక లైను రాసిపెట్టవా? కోడిపుంజు బొమ్మ రెడీ. డబ్బులిస్తారు."

"రాస్తాను. ఆ షరతుల పేజీ కూడా తెలుగులో పెట్టించు, అది ఊరికే రాసిస్తాను."

కాసేపు మాట్లాడలేదు. వెనకాల కాఫీ మెషీన్ చప్పుడు.

"అది ముప్ఫై పేజీలన్నయ్యా. ఎవరు చదువుతారు?"