కాస్మోలిన్ గారికి ఒక జిడ్డు లేఖ

మహారాజశ్రీ కాస్మోలిన్ గారి దివ్యసముఖానికి,

ఉభయకుశలోపరి. తమరి క్షేమం వేరే అడగనక్కర్లేదు. తుప్పు పట్టకుండా పూసే జిడ్డుగా వచ్చి, రెండో ప్రపంచయుద్ధం ముగిశాక మోసిన్-నాగంట్ అనే రష్యన్ సైనిక రైఫిల్లో కాపురం పెట్టి, అద్దె కట్టకుండా, ఒక్క మూలా ఖాళీ చెయ్యకుండా ఇప్పటికీ అక్కడే ఉన్నారంటే ఆరోగ్యానికి లోటేముంటుంది!

ముందు మీ పేరు సంగతి. కాస్మోలిన్ అమెరికాలో పుట్టిన వ్యాపారనామం. సోవియట్ ఆయుధాగారాల్లో ఈ రైఫిళ్ళకు పూసింది మీ రష్యన్ దాయాదిని. అక్కడ ఆయన్ని ‘పూషెచ్నొయె సాలొ’ అంటారు, అంటే ఫిరంగి కొవ్వు. అమెరికాలో ఈ తుపాకులు కొన్నవాళ్ళు ఇద్దరినీ ఒకే పేరుతో పిలిచి చేతులు తుడుచుకున్నారు. తుడుచుకోవడానికి ప్రయత్నించారు, అనాలేమో.

మీరు చేసిన మేలు మరవలేదు. 1891లో సైన్యంలో చేరి, 1930లో కొద్ది మార్పులతో 91/30 మోడలై, యుద్ధం చూసి, మరమ్మతుశాలకు వెళ్ళొచ్చిన రైఫిల్ ఇవాళ తుప్పు పట్టకుండా చేతికొస్తోందంటే ఆ పుణ్యం మీదే. ఆ శాలల్లో బోల్టు (తూటా వెనక గడియలా మూసుకునే కడ్డీ) మీద పాత నంబరు కొట్టేసి బారెల్ నంబరు చెక్కారు, చెక్కకు లక్క పూశారు, చివర్లో మిమ్మల్ని దట్టించారు. మీరొచ్చినందుకు ఎవరికీ బాధ లేదు. పొమ్మన్నా పోరు, అదీ గొడవ.

లోహం మీది జిడ్డు పెద్ద పనేం కాదు. ఆరుబయట, నిప్పుకు దూరంగా, కిరోసిన్‌లో గుడ్డ తడిపి తుడిస్తే దిగుతారు. స్క్రూలు, మ్యాగజీన్ స్ప్రింగు లాంటి చిన్న భాగాల్ని మరుగుతున్న నీళ్ళలో పడేస్తే పైకి తేలతారు. వెంటనే ఆరబెట్టి నూనె పెట్టకపోతే మీరు ఇన్నేళ్ళూ ఆపిన తుప్పు ఒక్క రాత్రిలో వస్తుంది. బోల్టును మాత్రం పూర్తిగా విప్పాల్సిందే. స్ప్రింగు చుట్టూ మీరు మైనంలా బిగుసుకుంటే ఫైరింగ్ పిన్ (తూటా అడుగున కొట్టే సూది) దెబ్బ బలహీనమై ప్రైమర్ (మందుకు నిప్పంటించే చిన్న బిళ్ళ) పేలదు. మళ్ళీ బిగించేటప్పుడు పిన్ వెనక గీతా, కాకింగ్ పీసు (పిన్ వెనక కొసకు బిగించే ముక్క) మీది గీతా కలవాలి. పిన్ ముందుకి ఎంత పొడుచుకొచ్చిందో రైఫిల్‌తో వచ్చే పనిముట్టు మీద 75, 95 అని ఉన్న గాట్లతో చూడాలి. 75 గాటుకు పిన్ తగలాలి, 95కు తగలకూడదు. తక్కువైతే తూటా మొరాయిస్తుంది, ఎక్కువైతే ప్రైమర్ చిల్లుపడి వేడి వాయువు ముఖం మీదికొస్తుంది.

ఇక తమరి అసలు చిరునామా, ఛాంబరు, అంటే బారెల్లో తూటా కూర్చునే గది. మొదటి పది పదిహేను తూటాలు పేలేదాకా అంతా సవ్యం. తరవాత బారెల్ వేడెక్కుతుంది. సుమారు 45 నుంచి 52 డిగ్రీల సెల్సియస్ మధ్య కరిగే స్వభావం మీది కనక, గోడల్లో ఎండిపోయి కూర్చున్నవారు మెత్తబడి, జిగురై, ఉక్కు కేసును, అంటే తూటా గొట్టాన్ని, కౌగిలించుకుంటారు. బోల్టు పిడి లేవదు. కొయ్యసుత్తితో కొట్టి లేపేవాళ్ళున్నారు! నింద మటుకు కేసు మీది లక్కరు పూతకు పోతుంది. అత్త మీద కోపం దుత్త మీద.

నిజం తేల్చడానికి పెద్ద విద్య అక్కర్లేదు. ఖాళీ రైఫిల్లోనే పిడి బరువుగా లేస్తే బోల్టు, కాకింగ్ పీసు రాసుకునే వాలు గరుకుగా ఉన్నట్టు, ఎందుకంటే ఈ రైఫిల్ పిడి ఎత్తేటప్పుడే కాక్ అవుతుంది, అంటే పిన్ స్ప్రింగు బిగుస్తుంది. ఖాళీగా హాయిగా ఆడి, పేల్చిన కేసు మాత్రమే ఇరుక్కుంటే లోపలున్నది తమరే. మందు: 20 గేజ్ షాట్‌గన్ బ్రష్‌ను రాడ్ ముక్కకు బిగించి, సాల్వెంట్‌లో ముంచి, నిదానంగా తిరిగే డ్రిల్లుతో ఛాంబరులో రెండు మూడు నిమిషాలు. గుడ్డ తెల్లగా వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ. ఎమరీ పేపర్ పెట్టినవాడు మీతోపాటు ఛాంబరు కొలతల్నీ సాగనంపుతాడు.

ఛాంబరు పొడిగా ఉండాలనడం శుభ్రత పిచ్చి కాదు. పేలినప్పుడు కేసు ఉబ్బి గోడను పట్టుకోవాలి. గోడ జిడ్డుగా ఉంటే కేసు వెనక్కి జారి, పేలుడు తోపు ఎక్కువ భాగం బోల్టు మీద పడుతుంది. రీలోడింగ్‌లో, అంటే పేల్చిన కేసుల్ని మళ్ళీ నింపేటప్పుడు, వాటిని కొలతకు తెచ్చే అచ్చులోకి (సైజింగ్ డై) దూర్చడానికి పూసే జారుడు నూనె, లూబ్, కూడా మీ చుట్టమే. దాన్ని తుడవకుండా నింపిన తూటా అదే తప్పు చేస్తుంది.

రీలోడింగ్ మాటెత్తాం కనక ఇంకాస్త. మిలిటరీ డబ్బాల్లోని ఉక్కు కేసులు బెర్డాన్ రకం. లోపల చిన్న రంధ్రాలు రెండుంటాయి, వాడిన ప్రైమర్‌ను తోసే మామూలు డీక్యాపింగ్ పిన్ విరుగుతుంది. మధ్యలో ఒకే రంధ్రముండే, బాక్సర్ ప్రైమర్ పట్టే ఇత్తడి కేసులే కావాలి. ఈ తూటా నిలిచేది వెనక అంచు మీద, భుజం (మెడ దగ్గర కేసు సన్నబడే వాలు) మీద కాదు. మిలిటరీ ఛాంబరులో భుజం దగ్గర ఖాళీ ఎక్కువ కాబట్టి మొదటి పేలుడుకే భుజం ముందుకెళ్తుంది. ప్రతిసారీ కేసంతటినీ నొక్కే ఫుల్ లెంగ్త్ డైతో దాన్ని వెనక్కి నెడితే కేసు అడుగుకు కాస్త పైన లోహం సాగి సాగి ఒకరోజు కేసు రెండు ముక్కలవుతుంది. పేపర్ క్లిప్పు కొస వంచి లోపల గీకితే ఆ గాడి వేలికి తెలుస్తుంది. తెలిసిందా, కేసు చెత్తబుట్టకే. డైని కొంచెం పైకెత్తి మెడ మాత్రమే సైజు చేసుకుంటే కేసు ఎక్కువ కాలం బతుకుతుంది. కేసు పొడవు 53.72 మిల్లీమీటర్లు దాటితే కత్తిరించాలి.

ఈ రైఫిల్‌కు ‘మూడు లైన్లది’ అని పాత పేరు. లైను అంటే అంగుళంలో పదో వంతు, మూడు లైన్లు 7.62 మిల్లీమీటర్లు. అది బారెల్ లోపలి మెలి గాళ్ళ మధ్య మిట్టల కొలత. గాళ్ళలోకి పట్టాలంటే బుల్లెట్ 0.311 అంగుళాలుండాలి. 0.308 వేసి గురి తప్పుతోందని రైఫిల్‌ని తిట్టడం అన్యాయం. మెత్తటి సీసపు ముద్దను బారెల్లోంచి తోసి కొలుచుకుంటే అనుమానం తీరుతుంది. పౌడరు ఎంతన్నది మాన్యువల్‌నే అడగాలి, అదీ కనిష్ఠ కొలత నుంచి మొదలుపెట్టి.

తమరికీ చేతకాని పని ఒకటుంది. 440 తూటాల డబ్బాల్లో వచ్చే పాత మందుగుండు ప్రైమర్‌లో క్లోరేట్ ఉంటుంది. పేలాక బారెల్లో పొటాషియం క్లోరైడ్, అంటే ఉప్పు, మిగులుతుంది. గాల్లో తేమ లాక్కుని ఉక్కును తినేస్తుంది. నూనెకు ఉప్పు కరగదు. అదే రోజు వేడినీళ్ళు పోసి కడిగి, ఆరబెట్టి, అప్పుడు నూనె. కిటికీ అద్దాలు తుడిచే ద్రవం వాడేవాళ్ళ రైఫిల్ బాగానే ఉంటుంది, దాన్లో పనిచేసేది నీళ్ళే కాబట్టి.

చెక్కలో మాత్రం మీదే రాజ్యం. బర్చ్ చెక్క మిమ్మల్ని ఏళ్ళ తరబడి తాగింది. లోహం నుంచి విడదీసి, పాత గుడ్డలో చుట్టి, నల్లటి ప్లాస్టిక్ సంచిలో ఎండకు పెడితే చెమట పట్టినట్టు గోధుమరంగులో బయటికొస్తారు. తుడవాలి, మళ్ళీ పెట్టాలి. నాలుగైదు రోజుల పని. ఓపిక లేనివాళ్ళు ఓవెన్ క్లీనర్ కొడతారు. అందులోని క్షారం చెక్కలో ఉండిపోయి నార లేపి రంగు చెడగొడుతుంది. ఇంకొందరు గరుకు కాగితం అందుకుంటారు. ఆయుధాగారం ముద్రలు అరిగి, చెక్క బట్ ప్లేట్ (చెక్క వెనక కొసకు బిగించిన లోహపు రేకు) కన్నా కిందికి దిగి, తుపాకీ వదులు చొక్కా వేసుకున్నట్టుంటుంది. గుంటలు పోవాలంటే తడిగుడ్డ వేసి ఇస్త్రీపెట్టె అద్దితే చాలు, నలిగిన నార ఆవిరికి లేస్తుంది. ఆల్కహాల్‌తో తుడిస్తే మీతోపాటు లక్కా పోతుంది, కావాలనుకుంటే తప్ప ముట్టుకోవద్దు.

లక్క తీసేశాక మళ్ళీ లక్కే పలచగా నాలుగు పూతలు వేసుకోవచ్చు. లేదంటే బాయిల్డ్ అవిసె నూనె పలచగా రుద్ది, పావుగంటకు మిగిలింది తుడిచేసి, రోజుకొక పూత. మీరు లోపల మిగిలుంటే ఏ పూతా ఆరదు, వేలిముద్రలు పడుతూనే ఉంటాయి.

ఇట్లు,
గోళ్ళ సందుల్లో ఇంకా మిమ్మల్ని మోస్తున్న
రైఫిల్ దారులు

తా.క.: అవిసె నూనె తుడిచిన గుడ్డల్ని ఉండచుట్టి మూల పడేస్తే వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. విడివిడిగా పరిచి ఆరబెట్టాలి. ఎండకు కారిన మీ గుడ్డలు అంటుకోవు లెండి, ఆ ఒక్క విషయంలో మీరే నయం.