ఫ్రీబీఎస్‌డీ సర్వర్లకే అనేవారికి

"ఫ్రీబీఎస్‌డీ సర్వర్లకే, రోజూ వాడుకునే కంప్యూటర్‌కు పనికిరాదు." ఫ్రీబీఎస్‌డీ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ గురించి ఈ మాట విన్నప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. ప్లేస్టేషన్ 4 లోపల ఉన్నది ఫ్రీబీఎస్‌డీ నుంచి మలచిన వ్యవస్థే. దాని మీద పిల్లలు ఆటలాడుకుంటున్నారు, అది సర్వరా?

నిజమే, ఇన్‌స్టాల్ చేయగానే డెస్క్‌టాప్ రాదు. నల్ల తెర మీద లాగిన్ అడుగుతుంది, అంతే. తెర మీద బొమ్మ చూపే ఎక్స్‌ఆర్గ్, కిటికీలు, మెనూలు ఇచ్చే కేడీఈ డెస్క్‌టాప్, గ్రాఫిక్స్ డ్రైవర్ మనమే ఎక్కించుకోవాలి. నాకు ఒక సాయంత్రం పట్టింది. తీరా బ్రౌజర్ తెరిస్తే తెలుగు వార్తల పేజీ నిండా ఖాళీ డబ్బాలు! నోటో ఫాంట్లు వేశాక అక్షరాలు కుదురుకున్నాయి. టైపింగ్ సాధనమైన ఐబస్‌లో ఇన్‌స్క్రిప్ట్ తెలుగు కీబోర్డు పెట్టుకున్నాను, ఈ పోస్టు టైపు చేస్తున్నది దాని మీదే.

ఆ సాయంత్రానికి దక్కిన ఫలితం చిన్నది కాదు. వ్యవస్థకు గుండెకాయ లాంటి కెర్నెల్, దాని వెంట ఉండే మూల ఉపకరణాలు అన్నీ ఒకే ప్రాజెక్టు చేతిలో తయారవుతాయి. నేను వేసుకున్న అప్లికేషన్లు వాటితో కలిసిపోకుండా వేరే డైరెక్టరీలో ఉంటాయి. జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ మీద ఇన్‌స్టాల్ చేసుకుని, అప్‌డేట్‌కు ముందు ఒక బూట్ ఎన్విరాన్‌మెంట్, అంటే అప్పటి వ్యవస్థకు నకలు, తీసి పెట్టుకుంటే, తరువాత తెర రాకపోయినా దిగులు లేదు. రీస్టార్ట్ చేసి, మొదట వచ్చే మెనూలో పాతదాన్ని ఎంచుకుంటే వ్యవస్థ నిన్నటి స్థితికి వచ్చేస్తుంది. ఇది సర్వర్‌కు ఎంత అవసరమో, రేపు పొద్దున ఆఫీసు పని అప్పగించాల్సిన మనిషికీ అంతే అవసరం.

చిక్కు ల్యాప్‌టాప్ దగ్గర వస్తుంది. కొత్త వైఫై చిప్‌లకు డ్రైవర్లు ఆలస్యంగా అందుతాయి. అవి లేక, వర్చువల్ మెషీన్‌లో (కంప్యూటర్ లోపలే నడిచే మరో కంప్యూటర్ లాంటిది) లినక్స్ నడిపి దాని ద్వారా వైఫై తెచ్చుకునేవారు ఉన్నారు. కొన్ని ల్యాప్‌టాప్‌లు మూత వేసి తెరిస్తే మేలుకోవు. ఇంకొకటి మరీ బాధాకరం: నెట్‌ఫ్లిక్స్ వీడియోలను ప్రేక్షకులకు పంపే సర్వర్లు నడిచేది ఫ్రీబీఎస్‌డీ మీదే, కానీ అదే ఫ్రీబీఎస్‌డీలోని బ్రౌజర్‌లో నెట్‌ఫ్లిక్స్ నేరుగా ఆడదు, కాపీ కాకుండా తాళం వేసిన వీడియోలను తెరిచే వైడ్‌వైన్ దీనికి లేదు కాబట్టి. ఇది వ్యవస్థ నిర్మాణంలో లోపం కాదు. డెస్క్‌టాప్ వాడేవారు కొద్దిమందే కదా అని కంపెనీలు పట్టించుకోకపోవడం.

టేబుల్ మీద కంప్యూటర్, కేబుల్‌తో నెట్, ఇంటెల్ లేదా ఏఎండీ గ్రాఫిక్స్ ఉన్నవారు ధైర్యంగా ప్రయత్నించండి. మా అన్నయ్య తన కూతురి ల్యాప్‌టాప్‌లో వేయమంటే మాత్రం వద్దన్నాను. ఆన్‌లైన్ పరీక్ష మధ్యలో వైఫై పోతే నష్టపోయేది ఆ పిల్ల. దానిలోని చిప్ పేరు రాసి పెట్టుకున్నాను. డ్రైవర్ కుదిరిన రోజు నేనే వెళ్లి వేసి ఇస్తాను.